గోడవార ఆకు

జోగారావు గారిని టైమెంతయిందని అడిగితే గడియారం వంక చూడరు, ఎవరింట్లోనో ఆగిపోయిన గడియారం కథ ఎత్తుకుంటారు అని ఆ బీమా కంపెనీ కంప్యూటర్ విభాగంలో పాత జోకు ఒకటుంది. కంపెనీ మెయిన్‌ఫ్రేమ్ మీద డేటాబేస్ పెట్టిన నాటి నుంచీ దాన్ని చూసుకుంటున్న మనిషి ఆయన. పని నేర్చుకోవడానికి వచ్చినవాళ్ళు ఆయన్ని మొదట్లో వెటకారంగా గురువు గారంటారు. కొన్నాళ్ళకి అలవాటుగా అంటారు. ఆ తర్వాత వెటకారం ఎప్పుడు పోయిందో వాళ్ళకే గుర్తుండదు.

హిమబిందు ఇంకా అలవాటు దశలోనే ఉంది. పైగా ఆ మధ్యాహ్నం ఆమెకి కథలు వినే ఓపిక లేదు. కంపెనీలో ఉన్న పాలసీలన్నిటినీ మొదటి నుంచి చివరిదాకా చదివి తయారుచేసే సంవత్సరపు రిపోర్టు సాయంత్రం అయిదింటికల్లా పైవాళ్ళ చేతిలో ఉండాలి. ఆమె మీద మొదటిసారి పెట్టిన పెద్ద పని అది. అందిస్తానని మేనేజరు రఘునందన్‌కి మాటిచ్చింది. రిపోర్టు చూస్తే నత్తనడక నడుస్తోంది. కారణం వెతికితే, అది జోగారావు గారు ఎప్పుడో పెట్టిన ఒక హద్దు దగ్గర తేలింది.

సంగతి ఇది. డేటా అంతా పేజీలుగా విడగొట్టి డిస్కుల మీద ఉంటుంది. అడిగిన ప్రతిసారీ అక్కడిదాకా వెళ్ళి తేవడం దూరాభారం. అందుకని ఒకసారి తెచ్చిన పేజీని మెమరీలో, బఫర్ పూల్ అనే చోట, చేతికందేలా ఉంచుతారు. చోటు నిండిపోతే, అన్నిటికన్నా ఎక్కువసేపుగా ఎవరూ తాకని పేజీని లేపేసి కొత్తదాన్ని కూర్చోబెడతారు. ఏ పేజీకైనా అదే రూలు. కానీ జోగారావు గారు ఆ రూలు పైన ఇంకో రూలు పెట్టారు. ఆ చివర నుంచి ఈ చివరిదాకా అంతా చదివే పనులు పూల్‌లో అయిదో వంతుకి మించి ఆక్రమించకూడదు. మిగిలిన చోటంతా ఆసుపత్రుల కౌంటర్ల నుంచి వచ్చే చిన్న చిన్న ప్రశ్నలది. ఈ రోగి పాలసీ అమలులో ఉందా, వైద్యం మొదలుపెట్టవచ్చా అని అడిగే ప్రశ్నలు.

హద్దు ఎత్తేసే ఆదేశం హిమబిందు టైపు చేసి ఉంచుకుంది. ఎంటర్ నొక్కడమే తరువాయి. ఆయనకి చెప్పకుండా ఆ అంకె ఎవరూ మార్చరు కనుక, వెళ్ళి ఆయన్ని పిలుచుకొచ్చి తన తెర ముందు కూర్చోబెట్టింది.

"సార్, ఈ ఆసుపత్రి పేజీల్లో సగం పొద్దుట్నుంచి ఎవరూ ముట్టుకోలేదు. నా రిపోర్టేమో పేజీపేజీకీ డిస్కు దగ్గర పడిగాపులు పడుతోంది. మెమరీకి మనవాళ్ళు, పరాయివాళ్ళు అని ఏమిటి? ఎవరు ముందొస్తే వాళ్ళు కూర్చుంటారు. అందరికీ ఒకే రూలు ఉండటం న్యాయం కాదా?"

జోగారావు గారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

"న్యాయమేనమ్మా. మా మేనత్త సూరాంబ కూడా అదే మాటంది" అన్నారు.

హిమబిందు గోడ గడియారం వైపు ఒకసారి చూసి, కుర్చీ లాక్కుని కూర్చుంది. ఆయన చెప్పింది ఇది.

కొవ్వూరులో, గోదావరికి వెళ్ళే దారుల్లో ఒకదాని మీద సూరాంబ మెస్ ఉండేది. ఒకటే హాలు. నేల మీద బారుగా చాపలు, ఎదురుగా అరిటాకులు. మొగుడు చనిపోయిన ఏడాదే మొదలుపెట్టింది, ఇంకెవరి సాయమూ అడగలేదు. భోజనానికి వచ్చేవాళ్ళు దాదాపు రోజూ వచ్చేవాళ్ళే. బస్సు డిపో కండక్టరు సుబ్బులు, కోర్టు గుమాస్తాలు, బ్యాంకులో పనిచేసే ఒంటరి ఆడమనిషి ఒకామె, ఇలాంటివాళ్ళు. సూరాంబ ఎవరినీ ఏం కావాలని అడిగేది కాదు. గుమ్మంలో మనిషి కనబడితే చాలు, ఎవరికి పచ్చడి ముందో, ఎవరికి పులుసు పొలమారుతుందో ఆమె చెయ్యే చూసుకునేది. పది రోజులు రాకపోయినవాళ్ళ చోటు ఇంకొకళ్ళకి పోయేది. అందులో కోపం లేదు, పగ లేదు. హాలు చిన్నది, అంతే.

హాలు చివర గోడవారగా ఉన్న ఆకు తాతబ్బాయి గారిది. ఆయన కాలవ లాకుల దగ్గర తలుపులెత్తే లస్కరుగా చేసి దిగిపోయిన మనిషి. భార్య పోయింది, పిల్లలు లేరు. మెస్‌కి ఎదురుగా ఒక గదిలో ఉండేవాడు. చక్కెర జబ్బు. ఇన్సులిన్ సీసా నీళ్ళ కుండ పక్కన తడిగుడ్డ చుట్టి పెట్టుకుని, మధ్యాహ్నం తన సూది తనే వేసుకుని, వీధి దాటి వచ్చి కూర్చునేవాడు. సూది వేసుకున్నాక అరగంటలో అన్నం కడుపులో పడాలని, లేకపోతే ఒంట్లో చక్కెర మరీ పడిపోతుందని డాక్టరు చెప్పాడు. అందుకని ఆయన గది తలుపు తీసిన చప్పుడు వినబడగానే సూరాంబ గోడవార ఆకు వేసేది. ఆయన వచ్చి కూర్చునేసరికి ఆకు మీద ఉప్పు తగ్గించిన పప్పు ఉండేది.

"ఇవాళ కూడా ఉప్పుకి శెలవేనా సూరమ్మా?" అనేవాడు రోజూ.

"దానికీ వయసైపోయింది బాబాయ్, నీకు లాగే దిగిపోయింది" అనేది ఆమె, రోజూ.

ఇద్దరి మధ్యా అంతకుమించి పెద్దగా మాటలుండేవి కావు. 

పుష్కరాలొచ్చాయి. పన్నెండేళ్ళకోసారి, పన్నెండు రోజులు. ఆ రోజుల్లో కొవ్వూరు కొవ్వూరులా ఉండదు. ఎక్కడెక్కడి జనమో వస్తారు, మునుగుతారు, పెద్దలకి పిండాలు పెడతారు, ఆకలేసి కనబడిన గుమ్మంలోకి వెళ్ళి ఒక్క పూట తింటారు, మళ్ళీ ఈ జన్మలో అటు రారు. సూరాంబ మెస్ ముందు తెల్లారకుండానే వరస కట్టారు. ఆమె ఒకటే ఆలోచించింది. పుష్కరాలకి వచ్చినవాడు అతిథి. వాణ్ణి ఎండలో నిలబెట్టి, రోజూ తినేవాళ్ళని లోపలికి పిలిచి కూర్చోబెడితే చూసేవాళ్ళకి కాదు, తన మనసుకే బాగుండదు. అందుకని రోజూ వచ్చేవాళ్ళందరినీ పిలిచి చెప్పింది. ఈ పన్నెండు రోజులూ ఎవరైనా వరసలో రావలసిందే. ముందొచ్చినవాళ్ళకి ముందు.

"అయితే మేమూ గుండ్లు కొట్టించుకు రావాలా అత్తా?" అన్నాడు కండక్టరు సుబ్బులు.

"నీకు కొట్టడానికి అక్కడేముందిరా" అందామె. అందరూ నవ్వారు.

సుబ్బులు డిపో క్యాంటీన్‌కి పోయాడు. గుమాస్తాలు ఇళ్ళకి క్యారియర్లు చెప్పుకున్నారు. బ్యాంకు ఆమె శెలవు పెట్టి పుట్టింటికి వెళ్ళింది. తాతబ్బాయి గారికి వెళ్ళడానికి చోటు లేదు. చేతులు వణికేవి, పొయ్యి దగ్గర నిలబడలేడు.

"మరి నా ఆకు?" అన్నాడాయన.

"నీకొక్కడికీ ఆకు వేసి ఉంచితే, అది ఖాళీగా ఉండటం చూసి బయటివాళ్ళు ఊరుకుంటారా బాబాయ్? నన్ను అడిగితే ఏం చెప్పను?"

ఆయన కొంచెం ఆలోచించాడు. "అదీ నిజమే. నువ్వేం బెంగపెట్టుకోకు. నా అరుగు మీంచి వరస కనబడుతూనే ఉంటుంది. పొట్టిగా ఉన్నప్పుడు చూసి సూది వేసుకుని వచ్చేస్తా" అన్నాడు.

అలాగే చేశాడు. రోజూ అరుగు మీద కూర్చుని వరసని చూసేవాడు. లాకుల దగ్గర నీటి మట్టం చూసిన కళ్ళు కనుక, ఎంతమందికి ఎంతసేపు పడుతుందో ఇట్టే పోల్చుకునేవాడు. గండం గడిచిందని సూరాంబ కూడా అనుకుంది. మొదట్లో వడ్డిస్తూ ఒక కన్ను వీధి వైపు వేసి ఉంచేది. తర్వాత ఆ కన్ను కూడా పొయ్యి మీదకే వచ్చేసింది. ఎవరి ముఖమూ చూడటానికి లేదు. ఆకు వెయ్యడం, నింపడం, ఎత్తడం. బంతి వెనక బంతి.

పుష్కరాలు ముగింపుకొస్తున్నాయనగా ఒక రోజు, ఉక్కపోత. తాతబ్బాయి గారు అరుగు మీంచి చూస్తే గుమ్మం దగ్గర వరసలో పదిమంది కూడా లేరు. సంతోషించి, లోపలికెళ్ళి సూది వేసుకుని వచ్చి నిలబడ్డాడు. ఆయనకి ముందు ఒక నడివయసు మనిషి, భుజాన ఎర్ర తువ్వాలుతో. ఇద్దరూ ఏ ఊరంటే ఏ ఊరని పలకరించుకున్నారు కూడా. ఆ మనిషి ఒక్కడు కాదు. వాళ్ళ ఊరి నుంచి మూడు బస్సుల్లో వచ్చిన జనానికి చోటు పట్టుకు నిలబడ్డాడు. గుమ్మం రెండు అడుగుల దూరం ఉందనగా బస్సుల వాళ్ళందరూ తడిబట్టలతో వచ్చి ఆ తువ్వాలు వెనక కలిశారు. తప్పేమీ లేదు. రైలు పెట్టెలో సీటు మీద తువ్వాలు వెయ్యనివాడు మనలో ఎవడు? ఒక మనిషిని వరసలో నిలబెడితే ఇంటిల్లిపాదీ నిలబడినట్టే లెక్క. తాతబ్బాయి గారు ఎక్కడున్నాడో అక్కడే ఉన్నాడు, గుమ్మమే చాలా దూరం వెళ్ళిపోయింది.

జేబులో ఒక అరటిపండు వేసుకు తిరగడం ఆయనకి అలవాటు. ఆ వారం ఊళ్ళో అరటిపండు దొరకలేదు. ఉన్నవన్నీ గోదావరిలోకే పోతున్నాయి.

చెమటలు పట్టాయి. కాళ్ళు తడబడ్డాయి. ముందున్నవాళ్ళతో ఏదో చెప్పబోతే నాలుక మడత పడింది. ఆ తువ్వాలు మనిషి, చెడ్డవాడేమీ కాదు, ఇందాక పలకరించిన ముఖమే అని జనం మధ్యలో పోల్చుకోలేక, ముక్కు దగ్గర గుడ్డ అడ్డం పెట్టుకుని లోపలికి కేకేశాడు.

"ఏవమ్మా, ఇక్కడెవరో ముసలాయన బాగా తాగేసి ఉన్నాడు. ఆడవాళ్ళ మీద పడిపోతున్నాడు."

సూరాంబ పులుసు గంగాళం దగ్గర ఉంది. తలెత్తలేదు.

"గొడవ చెయ్యకుండా పక్కన కూర్చోబెట్టండి బాబూ. పాపం, ఆకలితో పంపించం. చివరి బంతిలో పెడదాం" అంది.

తాగినవాడికి కూడా అన్నం పెడదామన్నందుకు ఆమె మీద ఆ తువ్వాలు మనిషికి గౌరవం కలిగింది. ఇద్దరు కుర్రాళ్ళు ముసలాయన్ని రెక్కలు పట్టుకుని తీసుకొచ్చి, హాలు చివర గోడకి చేరగిలబెట్టారు. రోజూ ఆయన కూర్చునే చోటే. చాప మాత్రం లేదు, ఇంకొకరి కిందకి పోయింది. మూడు బస్సుల జనం తిన్నారు. బాగుందన్నారు. కొందరు సూరాంబకి దణ్ణం కూడా పెట్టారు.

చివరి బంతి లేచాక ఆమెకి ఆ తాగుబోతు గుర్తొచ్చాడు. మిగిలిన అన్నం, పప్పు ఒక ఆకులో పెట్టుకుని తనే తీసుకెళ్ళింది. వంగి ఆకు నేల మీద పెడుతూ, "లేవయ్యా, తిను" అని ముఖం చూసింది.

ఆమె తల పైన ఉన్న అలమరలో బెల్లం దిమ్మ ఉంది. తీసి, చితక్కొట్టి, నీళ్ళలో కలిపి నోట్లో పోసింది. లోపలికి దిగలేదు, పెదాల పక్క నుంచి కారిపోయింది. రిక్షాలో వేసి ఆసుపత్రికి తీసుకెళ్ళారు. పొరుగూళ్ళ నుంచి కూడా డాక్టర్లు వచ్చి ఉన్నారు, చేయవలసిందంతా చేశారు. ఆయన మాత్రం కళ్ళు తెరవలేదు. మర్నాడు పోయాడు. పిండం పెట్టించడానికి ఊరినిండా బ్రాహ్మలున్నారు, పెట్టేవాడే లేకపోయాడు. కండక్టరు సుబ్బులు పెట్టాడు. ఆ పూట అతను గుండు కొట్టించుకుంటే ఎవరూ నవ్వలేదు.

పుష్కరాలు అయిపోయాయి. ఊరు ఒక్కసారిగా ఖాళీ అయింది. దణ్ణం పెట్టినవాళ్ళలో ఒక్కరూ మళ్ళీ రాలేదు, వాళ్ళు రావాలని ఎవరూ అనుకోలేదు కూడా. రోజూ వచ్చేవాళ్ళు ఒకరొకరుగా తిరిగొచ్చారు. అప్పుడు ఇంకో సంగతి బయటపడింది. సూరాంబ చెయ్యి అంతా మర్చిపోయింది. ఆకు ముందు నిలబడి, "నీకు పచ్చడి వెయ్యొచ్చా?" అని పదేళ్ళుగా తింటున్న గుమాస్తాని అడిగింది. పులుసు పొలమారే ఆయనకి పులుసే ముందు పోసింది. ప్రతిదీ అడగాలి, ప్రతిదానికీ వంటింట్లోకి వెళ్ళి రావాలి. మళ్ళీ ఆ చెయ్యి దారిన పడటానికి చాలా రోజులు పట్టింది. ఎవరూ ఆమెని ఏమీ అనలేదు. అనుంటే బాగుండేదని ఆమె తర్వాత మేనల్లుడితో అంది.

"పోనీ నువ్వు చూడలేదు కదత్తా, ఎవరో తాగినవాడనుకున్నావు" అన్నాడట జోగారావు, ఏదో ఒకటి అనాలి కనుక.

"వరసలో ఉన్నవాళ్ళందరికీ ఆకలేనురా అనుకున్నాను. అందరి ఆకలీ ఒకటే అనుకున్నాను" అని, ఆమె ఇంక ఆ మాట ఎత్తలేదు.

అప్పటి నుంచి, మధ్యాహ్నం ఎదుటి గది తలుపు తెరుచుకునే వేళకి, సూరాంబ గోడవారగా ఒక ఆకు వేసేది. ఆ గదిలోకి ఎవరో వేరేవాళ్ళు వచ్చారు, వాళ్ళు వండుకునేవాళ్ళు. అయినా వేసేది. పెళ్ళిళ్ళ రోజుల్లో, శివరాత్రికి, జనం గుమ్మం బయట నిలబడి ఉన్నా వేసేది. నీళ్ళు చల్లి వదిలేసేది.

జోగారావు గారు అక్కడితో ఆపి, చల్లారిపోయిన టీ ఒక గుక్క తాగారు. తెర మీద హిమబిందు టైపు చేసి ఉంచిన ఆదేశం చివర కర్సరు కొట్టుకుంటోంది. పక్కనే ఇంకో తెర మీద ఆసుపత్రుల ప్రశ్నలు వస్తున్నాయి, పోతున్నాయి. ఒక్కోటి కంటికి ఆనేలోపే జవాబు తీసుకుని వెళ్ళిపోతోంది. అడిగినవాళ్ళ పేర్లు అందులో కనబడవు. ఎక్కడ ఎవరు కౌంటరు ముందు నిలబడి ఉన్నారో, వాళ్ళ వెనక బల్ల మీద ఎవరు పడుకుని ఉన్నారో కనబడదు.

"ఆ ఆకు ఎప్పటిదాకా వేశారు సార్?" అంది హిమబిందు.

"మెస్ మూసేదాకా."

"ఎవరైనా కూర్చున్నారా?"

"ఎప్పుడో ఒకరు. బస్సు దిగి ఆకలికి కళ్ళు తిరిగి వచ్చిన ఒక బాలింత కూర్చుందని చెప్పింది. ఎక్కువ రోజులు ఖాళీయే. ఖాళీగా ఉంది కదా, తీసెయ్యమ్మా అని అననివాళ్ళు లేరు."

హిమబిందు టైపు చేసిన ఆదేశాన్ని చివరి నుంచి ఒక్కో అక్షరమే చెరుపుకుంటూ వచ్చింది. అలా చెరపక్కర్లేదు, ఒక్క మీటతో పోతుంది. అయినా అలాగే చెరిపింది.

"అయిదింటికి రిపోర్టు అందదు సార్. నేను మాటిచ్చాను. రఘునందన్ గారు నన్ను ఊరుకోరు."

జోగారావు గారు కళ్ళజోడు పెట్టుకుని లేచారు.

"ఆలస్యమైతే కానీయమ్మా. నీ రిపోర్టు సూది వేసుకుని వచ్చి నిలబడలేదుగా" అన్నారు.